గుడ్డ బరువు

దగ్గరికి జరుగు తల్లీ, ఇలా నా పక్కన కూర్చో. మీ పెద్దక్క నర్సు ఉద్యోగం ఎందుకు మానేసిందని నిన్న అడిగావు కదా. పొగరనీ, పరదేశం గాలి తగిలిందనీ పదిమందీ పది రకాలుగా అంటున్నారు. కుండకైతే మూకుడు పెట్టగలం, లోకం నోటికి పెట్టగలమా?

మనది ఉల్లిపాయల కొట్టు. మీ తాతయ్య పోయాక ముప్పై ఏళ్లు నేనే తూచాను. నా చదువు అంకెల దాకానే. అయినా ఒక్క నియమం తప్పలేదు. సరుకు వేయకముందు ఖాళీ తక్కెడ ఎత్తి, ముల్లు నిటారుగా నిలబడటం కొనేవాళ్లకు చూపించాలి. ఒక తట్ట మొగ్గితే రెండో దానికి గులకరాయి కట్టి సరిచేయాలి. దాన్నే పాసంగం అంటాం. పాసంగం చూడని తూకం దొంగతూకమని మీ అక్కకు పాలపళ్లప్పుడే నేర్పాను.

అది పిల్లల ఆసుపత్రిలో నర్సయింది. ఏడాది సెలవు పెట్టి, జీతం భత్యం లేకుండా, కరువు పడిన పరదేశానికి సేవ చేస్తానని వెళ్లింది. అక్కడ డేరాలో దాని పని పసివాళ్లను తూచడం. కొక్కేనికి వేలాడే తూకం, దానికి ఉయ్యాలలా ఒక సంచి. బరువు గీత కింద ఉంటే బలం పొట్లాలు ఇస్తారు, గీత దాటితే ఉత్త చేతులతో పంపుతారు. పొట్లాలు తక్కువ, పిల్లలు ఎక్కువ మరి.

ఒకరోజు ఆ సంచి చిరిగింది. బయట వానలో రెండు వందలమంది తల్లులు. గబగబా ఒక దుప్పటి ముక్క కట్టి తూచడం మొదలుపెట్టింది గానీ, ముల్లును మళ్లీ సున్నా మీదకు తిప్పలేదు. ఆ గుడ్డ తడిసి ఉంది కూడా. ఒక బిడ్డ కాస్తలో గీత దాటాడు. "పరవాలేదమ్మా, బాగున్నాడు" అని, వారానికి మళ్లీ తూకానికి రమ్మని చీటీ ఇచ్చి నవ్వుతూ పంపింది.

వారం తిరిగాక ఆ తల్లి మళ్లీ వరసలో నిలబడింది, చంకలో బిడ్డ లేడు. చీటీ ఇంకెవరికైనా పనికొస్తుందని తిరిగి ఇవ్వడానికి వచ్చిందట.

అప్పుడు మీ అక్క ఆ గుడ్డను తడిపి విడిగా తూచింది. అరకిలో. ఆ రోజు తిప్పి పంపినవాళ్లందరినీ వెతికి తెచ్చారు. ఆ ఒక్కడే అందలేదు.

తిరిగొచ్చాక తువ్వాలును అరచేతిలో పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేది. మనం ముఖం తుడుచుకుని దండెం మీదకు విసిరేస్తాం. దాని బరువెంతో ఎవరు చూశారు?

ఒకటో తారీఖున ఆసుపత్రిలో చేరకపోతే ఉద్యోగం పోతుంది. చెయ్యి ఆడితే మనసు కుదుటపడుతుందని కొట్లో కూర్చోబెట్టి తక్కెడ చేతికిచ్చాను. పాలాయన కిలో ఉల్లిపాయలు అడిగాడు. ఇది ఖాళీ తక్కెడ ఎత్తింది, దించింది. మళ్లీ ఎత్తింది, దించింది.

"ఏంటి పిల్లా, గాలి అమ్ముతున్నావా? అదైనా కాస్త మొగ్గు చూసి వెయ్యి" అన్నాడాయన.

నేను నవ్వాను. అది నవ్వలేదు.

ఆయన వెళ్లాక నేనే కదిలించాను.

"ఒసే పిచ్చిదానా, కావాలని చేశావటే? అంతమందిని ఒక్కదానివి తూచావు. తప్పు నీది కాదే."

"అమ్మమ్మా, పాసంగం చూడకుండా ఉల్లిపాయలు తూస్తే ఏమనేదానివి?"

"ఉల్లిపాయలూ పసిబిడ్డా ఒకటేనటే?"

"కాదుగా. ఉల్లిపాయలకే దొంగతూకం అన్నావు."

నా నోటికి జడిసి బజారులో దారి మార్చుకునేవాళ్లున్నారు. తప్పు లేదంటే నా ముప్పై ఏళ్ల మాట అబద్ధం. ఉందంటే మనవరాలు మిగలదు. అలాంటిదాన్ని ఊరుకున్నాను. నేను ఊరుకోవడమే దానికి అవునన్నట్టు వినిపించిందేమో.

ఒకటో తారీఖున తెల్ల బట్టలు వేసుకుని తూకం గది గుమ్మం దాకా వెళ్లిందట. తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట. అక్కడి నుంచే తిరిగొచ్చేసింది. "నావల్ల కాలేదు అమ్మమ్మా" అంది, అంతే. ఇప్పుడు చొక్కాలకు బొత్తాలు కుట్టే షెడ్డుకు వెళ్తోంది. తక్కెడ జోలికే రాదు.

ఆ బిడ్డ పేరు దానికి తెలియదు తల్లీ. ఎనిమిది నెలలవాడు, కింద రెండు పళ్లు, తూకంలో వేలాడుతూ కాళ్లాడించాడట. నేనింకెన్నాళ్లు ఉంటానో తెలియదు. మీ అక్కకు పొగరని ఎవరైనా అంటే ఇదంతా చెప్పు. అది అడిగినప్పుడు నేను నోరు మెదపలేదని కూడా చెప్పు, దాచకు. ఎవరూ అడగకపోయినా సరే, వాడొకడు ఉండేవాడని చెప్పు.