నాలుగో స్వరం

మ్యాట్నీలో ఇంటర్వెల్ తర్వాత బొమ్మ వేసి, ప్రొజెక్టరు గదిలో ఆపరేటరు కృపానిధి మెషిను మోతకి చెవిలో పెట్టుకున్న దూది తీసి జేబులో పెట్టుకున్నాడు. బొటనవేలు సౌండు నాబ్ మీదే ఉంది. పక్కన తాను అతికించిన ఎర్ర టేపుముక్కను దాటి నాబ్ తిరక్కూడదు. మూడు రోజులుగా తిరుగుతూనే ఉంది.

దెయ్యం సినిమా రెండో భాగం. మొదటిది నెల్లిమర్లలో ఈ హాల్లోనే ఆరు వారాలు ఆడింది. అందులో దెయ్యం వచ్చే ముందల్లా నాలుగు స్వరాల జోల వినిపించేది. ఊరంతా ఈల వేసేది. ఈసారి సంగీతం చేసినవాడు గడుసువాడు. మూడు స్వరాలు వినిపించి ఆపేస్తాడు. నాలుగోది జనమే లోలోపల పాడుకుని భయపడాలి. పదకొండు సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత, ఎవరో చెవి పక్కన మూలిగినంత చిన్నగా, ఆ నాలుగోది వస్తుంది.

సరిగ్గా ఆ పదకొండు సెకన్లలోనే ప్రతి ఆటకీ కింద నుంచి మేనేజరు జగన్నాధం ఫోను.

"సౌండేదయ్యా? జనం అరుస్తన్నారు!"

"అదంతే బాబూ. ఆగితే వస్తాది."

"ఏటి ఆగడం? టిక్కెట్టు కొన్నోడికి సౌండు రావాల. పెంచు!"

పెంచితే స్పీకర్ల బుస. ఆపైన నాలుగో స్వరం పళ్లెం జారిపడ్డట్టు మోగేది. జనం నవ్వేవారు. పొద్దున జగన్నాధం చివరి మాట కూడా చెప్పేశాడు: ఇకనుంచి చెప్పగానే పెంచకపోతే ఇంటికే.

ముప్పయ్యొక్క ఏళ్లలో ప్రొజెక్టరుకి వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు పోయాయి, రీళ్లు పోయాయి. కృపానిధి చేతికి మిగిలింది ఈ నాబ్ ఒక్కటే. చర్చిలో మౌన ప్రార్థనప్పుడు తన భార్య ఎలీసమ్మ గాజు కదిలినా వంద తలలు తిరుగుతాయి. ఆ సంగతి ఈ మనిషికి ఎన్నిసార్లు చెప్పాలి?

మూడో స్వరం ఆగేలోపే ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టాడు.

ఒకటి. రెండు. "సౌండ్!" అని ఎవరో కేక. "నోర్ముయ్రా, వస్తాది" అని ఓ ఆడమనిషి కసురు. ఏడు. ఎనిమిది. ఫ్యాన్ల చప్పుడు. మెట్ల మీద జగన్నాధం చెప్పులు. పదకొండు.

వచ్చింది. హాలంతా ఒక్కసారిగా కెవ్వుమంది. తలుపు తోసుకొచ్చిన జగన్నాధం ఉలిక్కిపడి గోడ పట్టుకున్నాడు. తేరుకున్నాక, "సెప్పింది ఇననోడు నాకొద్దు. ఎల్లిపో" అన్నాడు.

"తవరూ జడుసుకున్నారు కద బాబూ," అని కృపానిధి క్యారేజీ తీసుకుని మెట్లు దిగాడు.

ఫస్ట్ షోకి నాబ్ చివరికంటా తిరిగి ఉంది. వెనక మిగిలిపోయిన ఎర్ర టేపుముక్క మీద కృపానిధి పెన్ను రాత: "పెంచకండి. వస్తాది."