తొక్క తీసే వేళ

మా రివర్‌సైడ్‌లో శీతాకాలం వచ్చిందంటే నారింజకాయలు ఎవరికి అంటగట్టాలా అని ఊరంతా చూస్తుంటుంది. పెట్టెల నిండా పోసి, ‘ఊరికే తీసుకుపోండి’ అని అట్టముక్క మీద రాసి వాకిట్లో పెడతారు. తెల్లారి చూస్తే మన పెట్టె అలాగే ఉంటుంది, పక్కన ఇంకెవరిదో పెట్టె చేరి ఉంటుంది. అలాంటి ఊళ్ళో నేనూ కర్టిస్ ఒయామా ఇరవై రెండేళ్ళుగా మా గరాజులో నారింజ తొక్క వేసి పేల్ ఏల్ అనే బీరు కాస్తున్నాం. పని పంపకం మొదట్లోనే జరిగిపోయింది. తూకాలు, వేడి, గంటలు కర్టిస్‌వి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాడు, గ్రాము తేడా వస్తే వాడికి అన్నం సయించదు. ముక్కు నాది.

ముక్కే కదా అని తేలిగ్గా తీసుకోకండి. బీరు పులిసి, పొంగు తగ్గాక, నారింజ తొక్కను లోపలి తెల్లపొర రాకుండా పల్చగా చెక్కి, బట్ట సంచీలో కట్టి బకెట్‌లోకి దించుతాం. ఆ సంచీని ఎప్పుడు బయటికి తీయాలో ఏ పుస్తకమూ చెప్పదు. ఒక ఏడాది మూడో రోజు, ఇంకో ఏడాది ఐదో రోజు. రోజుకు రెండు మూడుసార్లు గ్లాసులో కాస్త పట్టి వాసన చూస్తూ ఉండాలి. ముందు పచ్చి తొక్క వాసన వస్తుంది, తర్వాత పువ్వు వాసన. ఆ పైన ఒక్క పూట ఆలస్యమైందా, నేల తుడిచే మందు వాసనే. ఆ పువ్వు దగ్గర పట్టుకోవాలి. పట్టుకునేవాణ్ణి నేను. మా బీరు క్లబ్బులో ఎవరికి అనుమానం వచ్చినా గ్లాసు తెచ్చి రోలీ డ్వైర్ ముందు, అంటే నా ముందు పెట్టేవాళ్ళు.

ఆ ముక్కు జనవరిలో పోయింది. నాలుగు రోజులు జ్వరం. జ్వరం పోతూ పోతూ వాసనను వెంటబెట్టుకుపోయింది. కాఫీ వేడినీళ్ళయింది. డాక్టరు దగ్గరికెళితే, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువెందుకో నాకర్థం కాలేదు. నాకు ముందే ముక్కుమీద కోపం. ముక్కు పోయినా కోపం మాత్రం అక్కడే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ నాడీన్‌కి కూడా. ఆమెకు చెబితే కర్టిస్ భార్య చెవిన పడుతుంది, అక్కడినుంచి క్లబ్బంతా పాకుతుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ముక్కు లేకపోతే ఆ గరాజులో నేనెవర్ని? సీసాలు కడిగేవాణ్ణి. అరవై నాలుగేళ్ళొచ్చాక ఆ ఉద్యోగంలో చేరడం నావల్ల కాదు.

మార్చిలో కర్టిస్ వచ్చి, ఏప్రిల్ మూడో శనివారం వాళ్ళమ్మాయి జానెల్ పెళ్ళి అని చెప్పాడు. పెళ్ళిలో మన పేల్ ఏల్ తప్ప ఇంకో బీరు ఉండకూడదట. సరిగ్గా నాలుగు వారాల ముందు ఇద్దరం కలిసి రెండు బకెట్లు కాచాం. తర్వాత వాడు దర్జీ దగ్గరికీ, పూలవాళ్ళ దగ్గరికీ తిరుగుడు మొదలుపెట్టాడు. ముక్కుతో పని జరిగే చోట తనకేం పని అని, తొక్క సంగతి నాకే వదిలేశాడు.

తొక్క దించిన రోజునుంచీ నాకు కాలు నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి గరాజులోకీ, గరాజులోంచి ఇంట్లోకీ తిరిగాను. గంటకోసారి గ్లాసు పట్టి, ముక్కు బీరులో మునిగి తుమ్ము వచ్చేదాకా పీల్చాను. ఏమీ లేదు. గోడను వాసన చూసినట్టే ఉంది. ఉత్తరాలు తెచ్చే అమ్మాయిని ఆపి, కాస్త వాసన చూసి చెప్పమంటే, డ్యూటీలో ఉన్నానంటూ నావైపు అదోలా చూసి వెళ్ళిపోయింది. నాడీన్‌కి అసలు బీరంటేనే గిట్టదు. ఈసారి చేదుకి వేసే హాప్స్ పువ్వు మార్చాం, ఎలా ఉందో చెప్పమని గ్లాసు చేతికిస్తే, తడిసిన కుక్క వాసన అంది. ప్రతి ఏడాదీ అదే మాట అంటుంది.

రెండో రోజుకి కూడా వాసన తగలకపోయేసరికి నా చెయ్యి దానంతటదే నారింజల బుట్టలోకి పోయింది. వాసన రానిది నాకు, బీరుకు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఇంకో నాలుగు కాయల తొక్క చెక్కి వేశాను. వేసి పీల్చాను. మళ్ళీ వేశాను. ఇరవై రెండేళ్ళుగా ముక్కు చెప్పిందే చేసిన చెయ్యి, ముక్కు మూగబోయాక ఆగడం తెలియక వేస్తూనే పోయింది. నాలుగో రోజుకి రెండు సంచీలూ ఉబ్బి మూతకు తగులుతున్నాయి.

ఐదో రోజు మధ్యాహ్నం మడత బల్లలు తీసుకెళ్ళడానికి జానెల్ వచ్చింది. పెళ్ళికూతురు కదా, తన బీరు తాను రుచి చూసుకుంటానని గ్లాసు పట్టుకుంది. ఒక్క గుక్క తాగి, నోట్లోది మింగాలో ఉమ్మాలో తెలియక నిలబడిపోయింది. చివరికి మింగింది, పాపం.

“అంకుల్, ఏమీ అనుకోకండి. మా ఆఫీసులో బాత్రూం కడిగాక అచ్చం ఇలాగే ఉంటుంది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు పాలసీసాతో పాకుతున్నప్పటినుంచీ కాస్తున్నాను, నాకు చెబుతున్నావా అని నోటికొచ్చినట్టు అరిచాను. అరుస్తూనే గ్లాసు లాక్కుని వాసన చూసి, కాస్త ఘాటుగా ఉంది, వారంలో సర్దుకుంటుందన్నాను. జానెల్ చేతిలోని బల్ల గోడకు ఆనించి, నా ముఖంలోకి చూస్తూ మెల్లగా అడిగింది.

“అంకుల్, మీకు అసలు వాసన తెలుస్తోందా?”

మూడు నెలలుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. లేదు అనేశాను. అన్నాక అక్కడే బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాను. వెంటనే నాన్నకు చెబుదాం అంది. నేను వద్దన్నాను. పెళ్ళయ్యేదాకా ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాను. జానెల్‌కి అది ఇష్టం లేదు, అయినా నా పరిస్థితి చూసి ఒప్పుకుంది.

పదిహేడు రోజులు మిగిలాయి. రెండు బకెట్లూ మోరీలో పోసేశాం. మొలకెత్తించిన బార్లీ మాల్టు, హాప్స్, ఈస్ట్ నేనే వెళ్ళి కొనుక్కొచ్చాను. కర్టిస్ నోటుబుక్కు చూసి జానెల్ అంకెలు చదువుతుంటే, ఏనాడూ తక్కెడ ముట్టనివాణ్ణి ప్రతిదీ రెండుసార్లు తూచి కాచాను. వారం తర్వాత కర్టిస్ దారినపోతూ గరాజులోకి తొంగిచూసి, ఇన్ని రోజులైనా మూత కింద ఇంకా నురగ ఉందేమిటన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నిలబడ్డాను. ఈసారి ఈస్ట్ బద్ధకంగా ఉన్నట్టుంది అని తనే ఒక కారణం చెప్పుకుని పోయాడు. పెళ్ళి పనుల్లో పడ్డాడు కాబట్టి సరిపోయింది. మామూలు రోజుల్లో అయితే అక్కడే నన్ను కూర్చోబెట్టి లెక్క అడిగేవాడు.

పదో రోజు తొక్క దించాం. జానెల్ ఆఫీసుకు వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి గరాజుకు వచ్చేది. ఇక్కడే నా ప్రాణం పోయింది. ఇన్నేళ్ళూ ముక్కుతో చేసిన పనిని నోటితో చెప్పాల్సి వచ్చింది. తొక్కలో గోరు దిగగానే కంట్లో చిటుక్కుమంటుందే, అది కాదు. మార్చిలో విక్టోరియా అవెన్యూ నారింజ తోటల పక్కన కారు అద్దం దించితే లోపలికొస్తుందే, అది. అది కూడా దూరంగా ఉండాలి, ముఖం మీద పడకూడదు. పిల్ల కళ్ళు మూసుకుని పీల్చేది, ఇంకా గోరు దగ్గరే ఉంది అంకుల్ అనేది. నేను రెండడుగులు వేసి వెనక్కొచ్చి, మళ్ళీ చూడమనేవాణ్ణి. ఇప్పుడే కదా చూశానని విసుక్కునేది. మూడో రోజు పొద్దున గ్లాసు దించకుండానే చెయ్యెత్తింది.

“ఇప్పుడనుకుంటా.”

“అనుకుంటున్నావా, తెలుసా?”

“తెలుసు. తీసేయండి.”

తీశాను. పిల్ల చెప్పింది కరెక్టో కాదో చూసుకునే దారి నాకు లేదు. పీపాల్లోకి ఎక్కించి గ్యాసు పట్టించాం. ఆ నాలుగు రోజులూ నేను సరిగ్గా కూర్చున్న గుర్తు లేదు.

పెళ్ళి పార్కులోని హాల్లో జరిగింది. అరవై మంది. క్లబ్బువాళ్ళు మొదటి గుక్కకే నావైపు చూసి తలలూపడం మొదలుపెట్టారు. ఒకాయన వచ్చి, ఈ ఏడాదే అన్నిటికన్నా బాగుందని నా భుజం తట్టి పోయాడు. బీరు కుదిరింది. నా భయం తీరాలి కదా, తీరలేదు. ఎవరు పొగిడినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. అవతలి బల్ల దగ్గర జానెల్ తల దించుకుని కూర్చుంది. ఇచ్చిన మాట తప్పలేదు, పిచ్చిపిల్ల.

అప్పుడు కర్టిస్ గ్లాసు పట్టుకుని లేచాడు. పెళ్ళికొడుకు గురించి నాలుగు ముక్కలు, కూతురి గురించి నాలుగు ముక్కలు చెప్పి, నావైపు తిరిగాడు. నా లెక్కలు ఎన్నోసార్లు తప్పాయి, ఈ మనిషి ముక్కు ఒక్కసారీ తప్పలేదు, అందుకే నా బిడ్డ పెళ్ళికి వీణ్ణి నమ్ముకున్నాను అన్నాడు. అందరూ గ్లాసులెత్తారు. ఇంక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

“కర్టిస్, ఆ ముక్కు లేదు. జనవరిలోనే పోయింది. మనిద్దరం కాచింది నేను పాడుచేసి పారబోశాను. ఇది జానెల్ వాసన చూసి తొక్క తీయించిన బీరు.”

కర్టిస్ ముందు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. గ్లాసు వంక చూశాడు, కూతురి వంక చూశాడు. అది అవునన్నట్టు తలూపింది.

“అయితే నా కూతురి పెళ్ళిలో నా కూతురి చేతి బీరు తాగుతున్నామన్నమాట. నువ్వు కూర్చో, నీ సంగతి సోమవారం చెబుతాను.”

జనం నవ్వారు, జానెల్ పేరు చెప్పి తాగారు. ఇంతకాలం ఏది పోతుందని వణికానో అది పోయింది, అదీ అరవై మంది ముందు. జానెల్ చుట్టూ మూగుతున్న క్లబ్బువాళ్ళను చూస్తే కడుపు మండింది. గుండె మీది బరువు కూడా దిగింది. రెండూ అబద్ధం కాదు. కూర్చున్నాను. అప్పుడు పక్కనున్న నాడీన్ గుర్తొచ్చింది. ఆమె తాగలేదు, నవ్వలేదు.

“ఆ పిల్లకి చెప్పావు” అంది మెల్లగా.

అది అడిగింది అన్నాను.

“నేను అడగలేదనా నాకు చెప్పలేదు?”

చెవిన పడుతుందని, క్లబ్బుకు పాకుతుందని చెప్పబోయాను. అది నాకు నేను చెప్పుకున్న కథ. ఆమెకు చెప్పడానికి పనికిరాదు.

“ముప్ఫై ఎనిమిదేళ్ళు నీ మెడ దగ్గర ముక్కు పెట్టుకుని నిద్రపోయాను, నాడీన్. ఇప్పుడక్కడ నాకు ఏమీ తెలియడం లేదు. నీకు అది ఎలా చెప్పను?”

ఆమె చేతిలోని రుమాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. తర్వాత తన కుర్చీని నా కుర్చీకి ఆనేలా లాక్కుని కూర్చుంది. భోజనాలయ్యి, బల్లలు మడిచేవాళ్ళు వచ్చి లేవమనేదాకా అక్కడినుంచి కదల్లేదు.