రెడ్డెప్ప వంతు

ఆ రోజుల్లో పుంగనూరు జీపు స్టాండులో పోలీసు కేసు అనేది అనుకోకుండా నెత్తిన పడే వ్యవహారం కాదు. వంతు ప్రకారం వచ్చేది. స్టాండులో పద్దెనిమిది జీపులు. స్టేషన్‌కు వారానికొక మోటారు కేసు కావాలి, పైవాళ్ళు లెక్క అడుగుతారు కాబట్టి. రోడ్డు మీద ఎండలో నిలబడి బండ్లు ఆపడం, డ్రైవర్లు బతిమాలడం, పోలీసులు కసరడం, ఇదంతా ఎందుకని ఎవరో పుణ్యాత్ముడు వంతులు పెట్టించాడు. వంతు వచ్చినవాడు సోమవారం పొద్దున టీ అంగడికి వెళ్తే హెడ్ కానిస్టేబుల్ రామప్ప కార్బన్ కాగితం సర్దుకుని కూర్చుని ఉండేవాడు.

"ఏమప్పా, ఈ తూరి ఏం రాసేది? హార్నా, లైటా?"

"పోయిన తూరి హార్ను రాసినావు కదన్నా. లైటు రాయి."

"వైపరు రాస్తాలే. శానా దినాలైంది వైపరు రాసి."

జరిమానా, డ్రైవర్లంతా చందాలు వేసే స్టాండు పెట్టెలోంచి పోయేది. టీ డబ్బులు మాత్రం రామప్పే ఇచ్చేవాడు. కేసు రాయించుకున్నవాడి చేత టీ తాగించుకుంటే లంచమవుతుందని ఆయన భయం. అంత నీతిమంతుడు.

ఒక్క సంగతి చెప్పాలి. పదిమంది ఎక్కాల్సిన జీపులో ఇరవై ఇద్దరిని ఎక్కించి, టాపు మీద పాల క్యాన్లు, వాటి పక్కన మరో నలుగురిని కూర్చోబెట్టి మదనపల్లెకు తోలేవారే, ఆ తప్పు మాత్రం ఎవరూ ఎప్పుడూ రాయలేదు. అది రాస్తే ఊరంతటి మీదా రాయాలి. స్టేషన్‌లోని పోలీసుల ఇంటి ఆడవాళ్ళు కూడా ఆ జీపుల్లోనే సంతకు వెళ్ళేవారు. అందుకని ఉన్న తప్పును వదిలేసి, లేని తప్పు రాసేవారు. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది వచ్చింది రెడ్డెప్పకు. అదీ తొంభై ఎనిమిదిలో, మదనపల్లెలో ఒక ఫ్యాను కింద.

ఆ రోజు ట్రిప్పు ఆలస్యమై, ఎండకు తాళలేక, కోర్టు దగ్గర హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయని లోపలికి పోయి కూర్చున్నాడు. అక్కడ మెర్సీ అనే లాయరమ్మ డ్రైవర్ల హక్కుల గురించి చెబుతోంది. తప్పు లేనిదే కేసు రాయకూడదట. బండి తాళం గుంజుకోకూడదట. లైసెన్సు తీసుకుంటే తీసుకున్నట్టు రసీదు ఇచ్చి తీరాలట. రెడ్డెప్ప పద్నాలుగేళ్ళుగా జీపు తోలుతున్నాడు. ఇన్నాళ్ళూ తన వెనక ఇంత చట్టం నిలబడి ఉందని ఒక్కరూ చెప్పలేదే అని ఆయనకు కడుపు మండిపోయింది. ఆ మంటతోనే పుంగనూరు చేరాడు.

పై సోమవారం ఆయన వంతే. టీ అంగడికి వెళ్ళాడు గాని కూర్చోలేదు.

"ఏం తప్పు సేసినానని రాస్తావన్నా?"

రామప్ప పెన్ను మూత తీసి ఆగిపోయాడు. "యాల అడుగుతాండావప్పా? నీకేం కావాలో సెప్పు, అదే రాస్తా."

"తప్పు లేనిదే రాయకూడదు. రూలుండాది."

రామప్పకు కోపం రాలేదు, నొచ్చుకున్నాడు. "నేనేమన్నా తిట్టినానా, కొట్టినానా? పద్దతిగా జరిగిపోతాండాది కదప్పా. తాళమెప్పుడైనా పీకినానా నీది?"

రెడ్డెప్ప అంతటితో ఊరుకుంటే కథే లేదు. ఇంటికి పోయి, ట్రంకు పెట్టెలో దాచి ఉంచిన పాత కేసు రసీదులు ఎనిమిదో తొమ్మిదో ఉంటే అవన్నీ తెచ్చి, స్టాండు నడిబొడ్డున నిలబడి, "ఇవన్నీ అబద్దాలు!" అని అరుస్తూ ఒక్కొక్కటీ చించి గాలికి వదిలాడు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన చేతులతోనే రంగప్ప అనే డ్రైవరు వెళ్ళి, రామప్ప ముందు కూర్చుని, రెడ్డెప్పకు బదులు తానే వైపరు రాయించుకొచ్చాడు. ఎవడో ఒకడు రాయించుకోవాలి కదా. వచ్చి ఆ రసీదును తన పాత రసీదులతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. రంగప్పకు ఏ కాగితమూ పారేసే అలవాటు లేదు, కరెంటు బిల్లు కూడా.

ఆ తర్వాత రెడ్డెప్ప పేరున మెర్సీ లాయరమ్మ రాసిచ్చిన అర్జీ పైకి పోయింది. పైనుంచి అక్షింతలు కిందికి వచ్చాయి. యస్సై స్టేషన్‌లో పోలీసులందరినీ నిలబెట్టి, తప్పు కళ్ళబడితే తప్ప ఎవరి మీదా కేసు రాయొద్దు, చిన్నాచితకా అయితే మొదటిసారి చెప్పి పంపండి అని ఆర్డరు వేశాడు. వంతులు పోయాయి. మూడు వారాల పాటు రెడ్డెప్ప స్టాండులో నడిచిన నడక చూడాలి. భార్య మునీశ్వరి అన్నం వడ్డించడం ఒక్క నిమిషం ఆలస్యమైనా "రూలుండాది" అనేవాడు.

నాలుగో వారం జీపు అమ్మకానికి వచ్చింది. జీపు రెడ్డెప్పది కాదు, కుప్పం ఆసామిది. ఆయన పోయిన ఏడే కాలం చేశాడు. కొడుకులిద్దరూ జీపు ఎవరిదో తేల్చుకోలేక, అమ్మి పంచుకుందామని చివరికి తీర్మానించారు. నెలాఖరుకు బండి అప్పజెప్పమని కబురు. పద్నాలుగేళ్ళు పట్టుకున్న స్టీరింగు చేతిలోంచి పోతుందంటే రెడ్డెప్పకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

అప్పుడే మదనపల్లెలో ఒక ప్రైవేటు బడికి బస్సు డ్రైవరు కావాలని తెలిసింది. నెల జీతం, ఆదివారం సెలవు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ పనిచేసేవాళ్ళ పిల్లలకు చదువు ఉచితం. ఆయన కూతురు ప్రీతికి ఆరో తరగతి. తెలివైన పిల్ల. తండ్రితో జీపులో పోతూ ఆ బడి గేటు ముందు ఆగినప్పుడల్లా టైలు కట్టుకున్న పిల్లల్ని కళ్ళార్పకుండా చూసేది. ఈ ఉద్యోగం రాకపోతే తన బతుకెలాగైనా గడుస్తుంది, ఆ పిల్ల మాత్రం ఆ గేటు ఎప్పటికీ దాటదని రెడ్డెప్పకు తెలుసు.

బడి మేనేజరు శామ్యూల్ గారు మంచిమనిషి. కాగితమంటే గౌరవం ఉన్న మనిషి.

"లైసెన్సు ఉంటే తోలడానికి అనుమతి ఉన్నట్టు. నిజంగా తోలినట్టు ఏముంది? పసిపిల్లల బస్సు కదా, కమిటీవాళ్ళు అడుగుతారు. ఓనరు దగ్గర రాయించుకురండి."

"ఓనరు పోయినాడు సార్. కొడుకులు సంతకం పెట్టరు."

"అయితే మీ పేరు, బండి నంబరు, తేదీ ఉండి, సర్కారు స్టాంపున్న కాగితం ఏదైనా తెండి. సోమవారం పది గంటలకు. లైసెన్సు కూడా. రంగప్ప అని ఇంకొకాయన కూడా వస్తున్నాడు. ఆయన దగ్గర పోలీసు రసీదులు తొమ్మిది ఉన్నాయట, బాగా ఉపయోగపడతాయని చెప్పాను."

రెడ్డెప్ప వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. పేరు, నంబరు, తేదీ, స్టాంపు. అవన్నీ ఉన్న కాగితాలను తన చేతులతోనే చించి స్టాండంతా చల్లాడు. చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

శుక్రవారం పొద్దున సిగ్గు విడిచి రామప్ప దగ్గరికి పోయాడు.

"అన్నా, ఒక్క కేసు రాయన్నా. నీ ఇష్టం, ఏదైనా రాయి."

రామప్ప పాతకక్షలు పెట్టుకునే మనిషి కాదు. విషయమంతా విని నిజంగానే బాధపడ్డాడు. "నాకు మాత్రం రాయాలని ల్యాదా? ఉద్యోగం పోతాదప్పా. తప్పు కండ్లబడితేనే రాయమన్నారు. నువ్వు పెట్టించిన ఆర్డరే గదా. పాత కార్బన్ కాపీలు కూడా నీ అర్జీతోనే పైవాళ్ళు తీసుకోనిపోయినారు."

రెడ్డెప్ప బయటికి పోయి, తన జీపు వెనక లైటును స్పానరుతో పగలగొట్టి వచ్చాడు. రామప్ప వచ్చి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఇది చిన్నతప్పప్పా. మొదటి తూరి సెప్పి పంపాల. సెప్పినా. పో, వేయించుకో." అని, పాపం, లైటు తన సొంత డబ్బుతో వేయించాడు.

ఆ మధ్యాహ్నం రెడ్డెప్ప ఇరవై ఆరుమందిని ఎక్కించుకుని మదనపల్లెకు పోయాడు. సర్కిల్లో కావాలనే అడ్డంగా దూరాడు. ట్రాఫిక్ కానిస్టేబులు విజిలూదాడు. రెడ్డెప్ప సంతోషంగా దిగి, లైసెన్సు తీసి రెండు చేతులా పట్టుకున్నాడు.

"తిరిగి పుంగనూరుకేనా పోయేది?" అన్నాడు కానిస్టేబులు. "మా అమ్మ శానాసేపటి నుంచి నిలబడుకోని ఉండాది. ముందర కూసోబెట్టుకోప్పా."

ముసలమ్మ వచ్చి ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలని దీవించింది. ఆ దీవెనలు వింటుంటే రెడ్డెప్పకు ఏడుపొచ్చింది.

కుప్పంలో అయితే పోలీసులు కచ్చితంగా పట్టుకుంటారని స్టాండులో చెప్పారు. శనివారం తెల్లవారగానే బయల్దేరి, పలమనేరు మీదుగా జనాన్ని ఎక్కించుకుంటూ కుప్పం చేరాడు. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని ఊరంతా పోలీసులే. అడుగడుగునా ఖాకీ చూసి రెడ్డెప్ప ప్రాణం లేచొచ్చింది. నిండు జీపును తీసుకెళ్ళి తాళ్ళు కట్టిన చోట నిలిపాడు.

బందోబస్తుకు ఎక్కడి నుంచో వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉరుక్కుంటూ వచ్చి, మాటామంతీ లేకుండా తాళం పీకాడు. జనాన్ని దింపించాడు. లైసెన్సు గుంజుకుని జేబులో వేసుకున్నాడు.

"కేసు రాయండి సార్," అన్నాడు రెడ్డెప్ప.

"ఏంటీ?"

"తప్పు సేసినాను సార్. ఓవర్ లోడు. రసీదు ఇయ్యండి."

"ఇక్కడ మాకు ఊపిరాడక చస్తుంటే నీకు రసీదు రాస్తూ కూర్చోవాలా?"

"లైసెన్సు తీసుకుంటే రసీదు ఇచ్చి తీరాల సార్. రూలుండాది."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "రూల్సా? తాళం తీసుకో. రెండు నిమిషాల్లో బండి ఇక్కడ కనబడకూడదు. లైసెన్సు కావాలంటే వచ్చే వారం రా." తాళం విసిరేసి, లౌడు స్పీకరు వైపు పరుగెత్తాడు. ఎవరి కింద పనిచేస్తాడో, ఏ స్టేషనో, పేరేమిటో, ఒక్కటీ తెలియదు. ఎదురుగా నిలబడ్డ ఒక కానిస్టేబులు లాఠీ చూపించాడు. రెడ్డెప్ప జీపు తిప్పాడు.

పొద్దు గూకే వేళకు పుంగనూరు చేరి, టీ అంగడి ముందు జీపు ఆపి, స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. రామప్ప టీ గ్లాసుతో వచ్చాడు. కుప్పంలో జరిగిందంతా విన్నాడు. వింటూ వింటూ ఒకచోట ఆపాడు.

"అంటే ఇప్పుడు నీ దగ్గిర లైసెన్సు ల్యాదా?"

"ల్యాదన్నా."

"ల్యాకుండానే కుప్పం నుంచి ఈడిదాకా తోలుకోనొచ్చినావా? నా కండ్ల ముందరే ఆపినావు గదా?"

"ఆపినా."

రామప్ప ముఖం వెలిగిపోయింది. "అయితే తప్పుండాది గదప్పా! పెద్ద తప్పే!"

రెడ్డెప్పకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక రామప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరూ లోపలికి పోయి కూర్చున్నారు. రామప్ప జీవితంలో మొదటిసారి నిజమైన కేసు రాస్తున్నాడేమో, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పేరు, తండ్రి పేరు, బండి నంబరు, తేదీ, వేళ, స్థలం. తానే స్టేషన్‌కు పోయి స్టాంపు, యస్సై సంతకం వేయించుకొచ్చాడు. ఆ రోజు టీతో పాటు బన్ను కూడా ఆయనే పెట్టించాడు. ఇంటికి పోయి రెడ్డెప్ప, "నీకు టై కొనాలమ్మా" అన్నాడు ప్రీతితో.

సోమవారం పది గంటలకు శామ్యూల్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని వెలుతురు వైపు తిప్పారు. రంగప్ప ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని బయట బెంచీ మీద ఉన్నాడు.

"పేరుంది. నంబరుంది. తేదీ, స్టాంపు, సంతకం. చాలా స్పష్టంగా ఉంది," అన్నారు శామ్యూల్ గారు. "మీరు బండి తోలుతారనడానికి ఇక అనుమానం లేదు రెడ్డెప్పా."

రెడ్డెప్ప ఊపిరి వదిలాడు.

శామ్యూల్ గారి వేలు ఇంకో వరుస కిందికి దిగి ఆగింది. మెల్లగా, పైకే చదివారు. "నేరం: లైసెన్సు లేకుండా వాహనం నడుపుట."

ఆ మాట టీ అంగడిలో రామప్ప నోట విన్నప్పుడు ఎంత తియ్యగా ఉందో! అదే మాట ఈ గదిలో వినేసరికి రెడ్డెప్ప ఆ వరుస మీదికి వంగి చూశాడు.

"లైసెన్సు ఉండాది సార్. కుప్పంలో పోలీసులు తీసుకున్నారు."

"తీసుకున్నట్టు ఏమైనా కాగితం ఇచ్చారా?"

"ఇయ్యాల సార్. రూలుండాది."

"ఇచ్చారా?"

రెడ్డెప్ప కిటికీలోంచి చూశాడు. గేటు దగ్గర టైలు కట్టుకున్న పిల్లలు లోపలికి వస్తున్నారు.

"రూలైతే ఉండాది సార్," అన్నాడు మళ్ళీ.

శామ్యూల్ గారు ఆ కాగితాన్ని మర్యాదగా మడతపెట్టి ఆయన చేతికిచ్చి, రంగప్పను లోపలికి రమ్మన్నారు.