ముప్పై ఒక్క వేసవుల వాగు

ముప్పై ఒక్క ఏళ్లు వాగు నీటిమట్టం చూసి రాసిన మనిషిని పట్టుకుని, ఆ రాతలు పనికిరావంటే ఎవరికైనా ఒళ్లు మండదా? కోడలికి మండింది. మామగారు ఆ పని చేసి రిటైరయ్యారు, ఆమె అదే ఆఫీసులో లెక్కలు కట్టే ఇంజనీరు. వానల్లేని నెలల్లో వాగులో పారేది నేలలోంచి ఊరే నీరే. ఏటా వేసవిలో అది ఎంతకి దిగిందో వరసగా చూస్తే, వాగు చుట్టుపట్ల భూగర్భజలం పెరిగిందో తరిగిందో తేలుతుంది. ఆ లెక్కకి ఆధారం మామగారి రిజిస్టరు ఒక్కటే.

తీరా ఆ అంకెలన్నీ పెట్టి గీత గీసి చూస్తే, పంతొమ్మిదో ఏట నీరు ఉన్నట్టుండి రెండు అంగుళాలు ఎగిరి కూర్చుంది. ఇదంతా ఇంట్లో కూర్చుని రాసినట్టుందన్నాడు పెద్దసారు. వచ్చే శుక్రవారంలోగా కారణం చెప్పకపోతే రిజిస్టరు మొత్తం పక్కన పడేస్తానన్నాడు. కోడలికి ఏ మూలో అది నిజమేనేమోనని భయం కూడా వేసింది.

భోజనాల దగ్గర మెల్లగా కదిపింది. మామగారు అంతెత్తున లేచారు. ఎండనకా వాననకా ఒక్కరోజూ మానలేదన్నారు. ఆమె వదల్లేదు. చివరికి ఆయన తలొంచుకుని గొంతు తగ్గించారు.

"ఆ ఏడు మోకాళ్లు పట్టేశాయమ్మాయ్. వాగులోకి మెట్లు దిగలేక, అప్పట్నుంచీ వంతెన మీద నుంచే చూసేవాణ్ణి. దాని స్తంభం మీద పాత కొలత గీతలున్నాయిగా. మీ అత్తయ్యకి చెప్పకు."

అత్తయ్య వెనకే నిలబడి ఉంది. ఆ తర్వాత జరిగింది రాయనక్కర్లేదు.

కోడలికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. రోజూ పొద్దున్నే వెళ్లి మెట్ల కింది కొలత పలకా, స్తంభం గీతలూ రెండూ చూసింది. ఐదు రోజులూ తేడా సరిగ్గా రెండు అంగుళాలే. ఆ గీతలు గీసినవాడెవడో అంత కిందనుంచి మొదలుపెట్టాడన్నమాట. ఇంట్లో కూర్చుని రాసేవాడి తప్పు ఇంత నిలకడగా ఉండదని పెద్దసారు కూడా ఒప్పుకున్నాడు. పదమూడేళ్ల అంకెల్లోంచి రెండేసి అంగుళాలు తీసేసి మళ్లీ గీత గీశారు.

శుక్రవారం మామగారు పిలవకుండానే ఆఫీసుకొచ్చి, బల్ల ముందు బిక్కచచ్చి నిలబడ్డారు. రిజిస్టరు ఉంచారా, పారేశారా అని అడిగారు.

"ఉంచారు మావయ్యా," అంది కోడలు. "రెండు అంగుళాలు తీసేశాక కూడా వేసవి నీరు ఏటేటా కాస్త కాస్త పెరుగుతూనే ఉంది. నేల కింద నీళ్లు నిండుతున్నాయి."

ఆయన కుర్చీలో కూలబడి, ఆ గీత వెంట వేలు ఈ చివర నుంచి ఆ చివరికి పోనిచ్చారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నవ్వేమో ఆగట్లేదు.

"ఇన్నేళ్లూ రాశానే గానీ, మంచి కబురు రాస్తున్నానని తెలియలేదమ్మాయ్."