లీటరుకు పదహార్లు

నేను ఒక సిరంజిని. సూది లేనిదాన్ని కాబట్టి నన్ను చూసి పసిపిల్లలు కూడా ఏడవరు. ఎక్కడో అచ్చులో పోసి, ఒంటినిండా గీతలూ అంకెలూ గుద్ది, మందుల షాపుకు పంపారు. ఏ రోగి నోట్లోనో మందు పోస్తూ బతుకుతాననుకున్నాను. నన్ను కొన్నది మాత్రం మండపేటలో పునుగుల హోటలు నడిపే గంగాధరం గారు.

ఆయన భక్తుడు. కాగిన నూనె పారబోస్తే లక్ష్మిని గెంటేసినట్టేనని ఆయన నమ్మకం. అందుకే మిగిలిన నూనెతో పెరట్లో డీజిలు తయారుచెయ్యడం మొదలుపెట్టారు. హోటలు జనరేటరు దానితోనే నడిచేది. ఆ ధైర్యంతో శ్రీరామనవమి కమిటీ ముందు లేచి, "పందిట్లో దీపాలన్నీ నా నూనెతోనే వెలుగుతాయండి" అని మాటిచ్చేశారు.

కమిటీ పెద్ద వీర్రాజు గారు నవ్వారు. "పునుగుల వాసనొస్తే భక్తులు చట్నీ అడుగుతారేమోనండీ!"

ఆ నవ్వు గంగాధరం గారికి గుచ్చుకుంది. ఇక ఆ దీపాలు వెలగడం ఆయన పరువు సమస్య.

నా పని చెబుతాను. వాడేకొద్దీ నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అదెంతో తెలిస్తేనే ఎంత కాస్టిక్ సోడా కలపాలో తెలుస్తుంది. తక్కువైతే డీజిలు అవదు, ఎక్కువైతే సబ్బవుతుంది. కాస్త నూనెను స్పిరిట్లో కలిపి, చిటికెడు పసుపు వేసి, సోడా కరిగించిన నీళ్ళను నాలోంచి చుక్కచుక్కగా వదులుతారు. పసుపు ఎర్రబడి నిలిచినచోట ఆగాలి. దిష్టినీళ్ళు కలిపిన ఇళ్ళలో ఆ రంగు ఎవరికీ కొత్త కాదు.

ఎర్రబడింది. నా గీత చూసి లెక్క కట్టారు. లీటరుకు పది గ్రాములు. గంగాధరం గారి మొహం ముడుచుకుపోయింది.

"దేవుడి పనికి సున్నాతో ముగిస్తామా? పదహారు వేద్దాం."

పిండి కలుపుతున్న ఆయన భార్య సూరమ్మ గారు తలెత్తారు. "ఏవండోయ్, పప్పులో ఉప్పు కూడా పదహార్లే వేస్తారా? చదివింపులు కాదండీ అవి!"

"నువ్వూరుకోవే. స్వామి కార్యం."

రాముడు పదహారు అడిగాడా? నాకు నోరుంది గానీ మాట లేదు.

పదహారు లెక్కనే సోడా కలిపిన నూనె డ్రమ్మును స్వామి ఎదుటే తెరవాలని, మూత మీద దండ వేసి పందిట్లోకి తెచ్చారు. మూత తీశారు. డీజిలు లేదు. పుల్ల గుచ్చితే నిలబడేంత చిక్కటి సబ్బు.

"గంగాధరం గారూ, దీపాలన్నారు, సబ్బు తెచ్చారేంటండీ? స్వామికి తలంటు పోద్దామనా?" అన్నారు వీర్రాజు గారు.

పందిరంతా ఘొల్లుమంది. ఆ సాయంత్రం బంకు డీజిలుతోనే దీపాలు వెలిగాయి. గంగాధరం గారు ఆ వెలుగు తన మొహాన పడనిచోటు వెతుక్కుని కూర్చున్నారు.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించారు. ఇకనైనా నా గీతను నమ్ముతారని ఆశపడ్డాను.

"పనిముట్టుకి పూజ చెయ్యకుండా మొదలెట్టేశామే!" అన్నారు భార్యతో. "అదీ జరిగిన పొరపాటు."

ఇప్పుడు నా కాపురం దేవుడి గూట్లో. రోజూ ఒళ్ళంతా గంధం పూసి బొట్టు పెడతారు. ఆ భక్తికి నేను వంక పెట్టను. అది నిజమైనదే. కాకపోతే మొన్న కొత్త నూనె పరీక్షకు నన్ను కిందికి దించినప్పుడు, గంధం కింద నా అంకె ఒక్కటీ కనబడలేదు. తుడిస్తే అపచారం. ఆయన నన్ను కళ్ళకద్దుకుని, సోడా అందాజుగా పోసేశారు.