బస్సు తుమ్మితే

నేను ఒక ఎయిర్ డ్రయ్యర్‌ని. పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. పెద్ద బండ్ల కింద మురికి పట్టి వేలాడే డబ్బాని అంటే డ్రైవర్లు మాత్రం తలూపుతారు. పెద్ద బండికి బ్రేకు పడేది గాలితో. ఆ గాలిలో తడి చేరితే బ్రేకు చెడుతుంది. నా కడుపులోని తెల్లటి గింజలు ఆ తడిని పీల్చుకుంటాయి. గాలి ట్యాంకులు నిండగానే ఆ నీటిని ‘ఫుస్స్’మని కిందికి చిమ్మేస్తాను. ఇంత ముఖ్యమైన పనిని మనుషులు తుమ్ము అనుకున్నారు!

ఫ్యాక్టరీలో పుట్టి, దుకాణం అరలో దుమ్ము తిని, చివరికి సాలూరులో ఒక పాత బస్సుకు అమరాను. పేరుకే బస్సు, నిజానికి అది ఇల్లు. గౌరునాయుడు, అతని భార్య పారమ్మ గాజులమ్ముకుంటూ జాతర్లకు తిరిగేవారు. ముందు రెండు సీట్లు తప్ప మిగతావన్నీ పీకించి లోపల మంచం, గ్యాసు పొయ్యి, గాజుల పెట్టెలు సర్దుకున్నారు.

మొదటిరోజు గౌరునాయుడు ఇంజను స్టార్ట్ చేసి, గాలి మీటరు ముల్లు పైకెక్కేదాకా ఆగి, గేరు వేయబోయాడు. సరిగ్గా అప్పుడే నేను నా పని కానిచ్చాను.

“ఆగు మావా! బస్సు తుమ్మింది,” అంది పారమ్మ.

“బస్సు తుమ్మడమేటే? నీకేటైనా మతుందేటి?”

“ఎవులు తుమ్మితే ఏటి? తుమ్ము తుమ్మే. కూకో. గుక్కెడు నీలు తాగి ఎల్దుం.”

ట్యాంకులు నిండితే గానీ బండి కదలకూడదు. నిండితే నేను తుమ్మక మానను. అంటే ఆ ఇంటికి శకునం బాగున్న ప్రయాణం ఒక్కటీ లేదన్నమాట. ఆమె రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసేది. అతను గొణుక్కుంటూనే తాగేవాడు. దారిలో ఎన్నిసార్లు తుమ్మినా ఆమెకు పట్టేది కాదు, బయలుదేరేటప్పుడే పట్టింపు. ఆ కాసేపట్లోనే ఇద్దరూ కబుర్లన్నీ చెప్పుకునేవారు. కింద వేలాడుతూ నేనూ వినేవాణ్ని. నా వల్ల ఆగిన ప్రయాణాలే గానీ చెడిన ప్రయాణం లేదని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక వానాకాలం పారమ్మ జ్వరంతో పోయింది.

తర్వాత కూడా గౌరునాయుడు తుమ్ముకు ఆగేవాడు. ఒక్క గ్లాసే తీసేవాడు. మాట్లాడేవాడు కాదు. నాకు ఆ నిశ్శబ్దం భరించడం కష్టంగా ఉండేది. బండిని ఏటేటా షెడ్డుకు పంపమని పోరు పెట్టింది పారమ్మే. ఇక ఆ పోరు పెట్టేవాళ్లు లేరు. నా గింజలు నూనె జిడ్డుతో బురదయ్యాయి, నీళ్లు చిమ్మే నా మూత బిగుసుకుపోయింది. నేను మూగబోయాను.

గౌరునాయుడు దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో తెలుసా? ఇంజను ముందు చేతులు జోడించి, “పైనుండి నా దారికి అడ్డు తీసేత్తన్నావేటే,” అని కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అడ్డు తొలగలేదయ్యా, నేను పాడైపోయాను అని అరుద్దామంటే అరవడానికి ఉన్న ఒక్క నోరూ మూసుకుపోయింది. నీళ్లన్నీ ట్యాంకుల్లోకి పోతున్నాయి.

పాచిపెంట ఘాటు రోడ్డులో దిగుతుండగా బ్రేకు అందలేదు. ఒకటో గేరులోకి లాగి, హ్యాండ్‌బ్రేకు వేసి, బండిని కొండ గోడకు రాసుకుంటూ ఎలాగో నిలిపాడు. లోపల గాజులన్నీ భళ్లుమన్నాయి. అతను చాలాసేపు స్టీరింగు వదల్లేదు.

సాలూరు మెకానిక్కు త్రినాథ బస్సు కింద దూరి ట్యాంకు అడుగున మూత తెరిచే రింగు లాగాడు. గాలి రావలసిన చోట కాఫీ రంగు నీళ్లు ధారకట్టాయి. ఆ తర్వాత ట్యాంకులు నిండాయని నాకు గాలితో సైగ తెచ్చే సన్నటి పైపు విప్పి ఇంజను ఆడించాడు. గాలి నిండగానే పైపులోంచి సైగ వచ్చింది.

“సైగ వత్తంది బాబాయ్. ఇదే పలకడంలేదు. ఎన్నాల్లనుంచి తుమ్మడంలేదిది?”

“తుమ్మకపోతే మంచిదే కదేటి?”

త్రినాథ పానా కింద పెట్టేశాడు. “తుమ్మకపోతే పాడైనట్టు బాబాయ్!”

గౌరునాయుడు షెడ్డు మెట్టు మీద కూలబడ్డాడు. “మా పారమ్మ అమరించిన డబ్బా ఇది. దీన్నే బాగు సెయ్యలేవా?” అన్నాడు.

“దీని పనైపోనాది.”

నన్ను విప్పి తుక్కు కుప్పలో పడేశారు. ట్యాంకులు ఖాళీ చేసి, పైపులు ఊది, నా చోట నిగనిగలాడే కొత్తదాన్ని బిగించారు. ఇంజను ఆడింది. ముల్లు పైకెక్కింది. ఆ కొత్తది, నాకంటే గట్టిగానే, ‘ఫుస్స్’మంది.

గౌరునాయుడి చెయ్యి గేరు మీంచి జారింది.

“ఆగుతానే, ఆగుతాను,” అన్నాడు పక్కనున్న ఖాళీ సీటుతో. ఎన్నాళ్లకో రెండు గ్లాసులు తీశాడు. గాజులు ఎన్ని పగిలాయో, ఘాటులో ఎంత భయమేసిందో, ఒక్కటీ దాచకుండా చెప్పుకున్నాడు. తన నీళ్లు తాగాడు. రెండో గ్లాసు పట్టుకుని కిందికి దిగి, కుప్ప దగ్గరికొచ్చి, ఆ నీళ్లను నా పైపు నోట్లో మెల్లగా పోశాడు. తర్వాత బస్సెక్కి వెళ్లిపోయాడు.

బతికినన్నాళ్లూ నీళ్లను బయటికి చిమ్మినవాణ్ని. ఈ గ్లాసెడు మాత్రం లోపలే ఉంచుకున్నాను.