వీపు కొలత

"అటు తిరుగు బెరిట్, కొత్త సంచికి నీ వీపు కొలవాలట" అన్నాడు మా ఆయన స్టెయినార్. నా కోటు తనే విప్పి బల్ల మీద పడేశాడు. దుకాణంలో అమ్మాయి తెయా టేపు పట్టుకుని నా వెనక్కి వచ్చింది.

కెమెరా సంచి అతనిది, వీపు నాది. ఇరవై రెండేళ్లుగా ఇదే ఒప్పందం. ఎప్పుడు కుదుర్చుకున్నామో నాకైతే గుర్తు లేదు. అతనికి మోకాలు నొప్పి. నాకు నొప్పులున్నాయా అని ఎవరూ అడగలేదు. కొండెక్కేటప్పుడు పద్నాలుగు కిలోలు నా భుజాల మీదే, దానిపైన కాఫీ ఫ్లాస్కు, బ్రౌన్ చీజ్ పెట్టిన రొట్టెలు. "ఫొటో తీసేవాడి చెయ్యి వణక్కూడదమ్మా. నీదేముంది, ఊరికే నడవడమేగా" అంటుంది మా అత్త బోర్ఘిల్డ్. ఆవిడ ఎక్కిన పెద్ద కొండ చర్చి మెట్లు.

పైకి చేరాక కూడా నా పని అయిపోదు. సంచి దించి, ఎర్ర జాకెట్టు వేసుకుని, సముద్రం మీదికి వంగిన బండ అంచున నిలబడాలి. మనిషి ఉంటేనే కొండ ఎంత ఎత్తో తెలుస్తుందట. మొహం మాత్రం కనబడకూడదు. ఒకసారి ప్రదర్శనలో ఒకామె "ఈ ఎర్ర జాకెట్టు ఎవరండీ?" అని అడిగితే, "ఎవరూ కాదు, కొలత కోసం" అన్నాడు స్టెయినార్. నేను పక్కనే ఖాళీ కప్పులు ఏరుతున్నాను.

అక్టోబరులో ఆ అంచునే గాలి లేచింది. ట్రైపాడ్ కదలకుండా దాని కింద సంచిని బరువుగా వేలాడదీశాడు. "ఇంకో అడుగు వెనక్కి" అన్నాడు. వేశాను. ఒక్క విసురుకి మోకాళ్ల మీద పడి, దొరికిన గడ్డి పట్టుకున్నాను. నా బూటు తగిలి జారిన రాయి కింద పడిన చప్పుడు వినబడలేదు. తలెత్తి చూస్తే అతను రెండు చేతులతో సంచిని కావలించుకుని ఉన్నాడు. "అమ్మయ్య, లెన్సుకేం కాలేదు" అన్నాడు. దిగేటప్పుడు ఈల కూడా వేశాడు.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నేను బడిపంతులమ్మని. కొండ నడకకి తీసుకెళ్లే ముందు ఏడేళ్ల పిల్లల చేత ఏటా అనిపిస్తాను, 'వెనక్కి తిరగడంలో సిగ్గు లేదు' అని. ఈ దేశంలో నడక నేర్చిన ప్రతివాడికీ వచ్చిన పాఠమే అది. నాకే ఒంటబట్టలేదు. ఈ శనివారం పెద్ద తుపానని వారం నుంచి చెబుతున్నారు. తుపాను ఫొటో కోసం మళ్లీ అదే అంచుకి వెళ్లాలట. భయమేస్తోందని రెండుసార్లు చెప్పాను. "వాతావరణం వార్తలు వింటున్నాను, కాస్త ఆగు" అన్నాడు.

స్టెయినార్ దుకాణం గోడ మీంచి అన్నిటికన్నా పెద్ద సంచి దించాడు. నారింజ రంగుది. "దొర్లిపోయినా దూరం నుంచి కనబడుతుంది" అన్నాడు. "దీనికో తాడు, గట్టి కొక్కెం కూడా ఇయ్యమ్మా. శనివారం గాలికి పోకుండా బండకి కట్టేస్తాను. మొన్న సంచి పోతుందేమోనని గుండె ఆగినంత పనైంది."

తెయా తాడు తెచ్చి బల్ల మీద పెట్టింది. "మరి గాలిలో ఈవిడ ఎక్కడుంటారు?" అని అడిగింది.

"అంచున. ఆవిడకి అలవాటే."

తెయా టేపు నా నడుము దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది. నేను తాడుకేసి చూశాను. కొత్తది, మంచిది, ఒక్కటే. ఇరవై రెండేళ్లలో నన్ను దేనికైనా కట్టాలని ఇతనికి తోచలేదు. తోచలేదన్న సంగతి కూడా తెలియనంత మంచివాడు.

బల్ల మీది కోటు తీసి తొడుక్కున్నాను.

"నా వీపు వద్దు తెయా. ఆయనది కొలువు."

స్టెయినార్ నవ్వాడు. "నా మోకాలో?"

"నెమ్మదిగా ఎక్కు."

నవ్వు సగంలో ఆగింది. తెయా అప్పటికే అతని వెనక్కి వెళ్లి నిలబడింది. "వేళాకోళం చాల్లే బెరిట్. శనివారం అంచున ఎవర్ని నిలబెట్టమంటావు?"

"సంచిని నిలబెట్టు" అన్నాను. "దూరం నుంచి కనబడుతుందిగా."